పాత అమెరికన్ జేబు పిస్తోలు కొనే ముందు చూడవలసినవి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఒహాయోలో ఒక పెద్దాయన పోయాక ఆయన ఇంటి సామాను అమ్మకానికి పెట్టారు. అక్కడ అరచేతిలో ఇమిడిపోయే, ఒకదాని మీద ఒకటిగా రెండు బ్యారెళ్ళున్న చిన్న పిస్తోలు మీ కంటపడింది. నికెల్ పూత అద్దంలా మెరుస్తోంది, బ్యారెల్ పైన ‘రెమింగ్టన్ ఆర్మ్స్ – యు.ఎం.సి. కంపెనీ, ఇలియన్’ అని చెక్కి ఉంది. ‘ఇది 1860ల నాటి డెరింజర్, లింకన్‌ను చంపిన రకం’ అని అమ్మేవాళ్ళు చెప్పారు. మీరు వర్క్ వీసా మీద ఉన్నారు, దీనితో సేకరణ మొదలుపెట్టవచ్చా అని అడిగారు.

ఆ పిస్తోలు వద్దు. ధర ఎంత తగ్గించినా వద్దు. ఎందుకు వద్దో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ సేకరణలో తెలుసుకోవలసిన విషయాలలో సగం ఈ ఒక్క పిస్తోలులోనే ఉన్నాయి.

ముందుగా ఆ పేరు సంగతి. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అనే తుపాకుల తయారీదారు ఉండేవాడు. 1786లో పుట్టిన ఆయన, పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో వాల్‌నట్ కర్ర పిడితో, జర్మన్ సిల్వర్ తొడుగులతో, ఒకే గుండు పేలే చిన్న పెర్కషన్ పిస్తోళ్ళు చేసి ఎక్కువగా జతలుగా అమ్మాడు. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్‌లో జాన్ విల్క్స్ బూత్ చేతిలో ఉన్నది అలాంటిదే. అది ముందు నుంచి మందు, గుండు కూరి, పైన క్యాప్ అనే చిన్న పేలుడు మూత పెట్టి పేల్చే పెర్కషన్ రకం. దానికి ఉన్నది ఒకే బ్యారెల్. ఆ హత్య తర్వాత పత్రికలు ఆయన పేరులో అదనంగా ఒక ‘ర’కారం చేర్చి రాసిన తప్పు స్పెల్లింగే చిన్న జేబు పిస్తోళ్ళన్నిటికీ జాతిపేరుగా స్థిరపడిపోయింది. కాబట్టి మీరు చూసినదాన్ని వాడుక భాషలో డెరింజర్ అనడం తప్పు కాదు గాని, లింకన్ కథకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇక తేదీ సంగతి, మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీరు చూసినది రెమింగ్టన్ డబుల్ డెరింజర్. విలియం ఎలియట్ అనే ఆయన 1865 డిసెంబర్ 12న పేటెంట్ పొందిన నమూనా అది. 1866లో తయారీ మొదలై దాదాపు 70 ఏళ్ళు, అంటే 1935 దాకా, పెద్ద మార్పులేమీ లేకుండా సాగింది. మొత్తం సుమారు లక్షన్నర తయారయ్యాయి. అన్నిటి రూపమూ ఒకటే కనుక, ఏది ఎప్పటిదో చెప్పగలిగేది బ్యారెల్ మీది పేరు మాత్రమే. ‘ఇ. రెమింగ్టన్ అండ్ సన్స్’ అని ఉంటే ఆ కుటుంబం చేతిలో కంపెనీ ఉన్న నాటిది, అంటే 1888కి ముందుది. దివాలా తీసిన కంపెనీ ఆ ఏడాది చేతులు మారాక ‘రెమింగ్టన్ ఆర్మ్స్ కంపెనీ’ అని వేశారు. యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్ కంపెనీతో కలిశాక, 1912 ప్రాంతం నుంచి, మీరు చూసిన ‘యు.ఎం.సి.’ చేరింది. అంటే అమ్మేవాళ్ళు చెప్పిన 1860లకూ దానికీ మధ్య అర్ధశతాబ్దం తేడా ఉంది.

ఈ తేడా కేవలం పాండిత్యం కోసం చెప్పడం లేదు. 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ప్రకారం 1898లో గాని అంతకుముందు గాని తయారైనది ‘యాంటిక్’. ఫెడరల్ చట్టం దృష్టిలో అది అసలు ‘ఫైర్‌ఆర్మ్’ నిర్వచనంలోకే రాదు. ఆ గీత దాటి ఒక్క ఏడాది తర్వాత తయారైనా అది పూర్తి స్థాయి ఆయుధమే. మీ వర్క్ వీసా లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆయుధం దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఇరవయ్యో శతాబ్దపు పిస్తోలును ‘పాతదే కదా’ అనుకుని ఇంటికి తెచ్చుకుంటే మీ ఉద్యోగమూ వీసా కూడా చిక్కులో పడతాయి. ‘రెమింగ్టన్ ఆర్మ్స్ కంపెనీ’ అన్న మధ్యకాలపు గుర్తు ఉన్నవాటితో మరో తలనొప్పి ఉంది. ఆ గుర్తు వేసిన కాలం 1898కి రెండు వైపులా విస్తరించి ఉంది. పోనీ సీరియల్ నంబరు చూద్దామంటే, ఈ పిస్తోళ్ళకు నంబర్లను విడతలు విడతలుగా మళ్ళీ మొదటి నుంచి వేసుకుంటూ పోయారు కనుక, నంబరును బట్టి సంవత్సరం తేల్చడం సాధ్యం కాదు. అందుచేత మీ పరిస్థితిలో ఉన్నవారు ‘అండ్ సన్స్’ అని స్పష్టంగా ఉన్నవాటిని తప్ప మిగతా వాటిని తాకకపోవడమే క్షేమం. పైగా ఇది ఫెడరల్ చట్టం మాట మాత్రమే. రాష్ట్రాల చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా, కొన్నిచోట్ల మరింత కఠినంగా ఉంటాయి కాబట్టి, మొదటి వస్తువు కొనకముందే మీ రాష్ట్రంలో ఆయుధ చట్టాలు తెలిసిన లాయరుతో ఒక గంట మాట్లాడండి. ఆ ఫీజు ఈ సేకరణలో మీరు పెట్టే డబ్బులన్నిటిలోకీ సార్థకమైనది.

పేటెంట్ తేదీని తయారీ తేదీ అనుకోవడం కొత్తవాళ్ళే కాదు, అమ్మేవాళ్ళూ తరచుగా చేసే పొరపాటు. స్మిత్ అండ్ వెస్సన్ తొలి రివాల్వర్ల మీద ‘ఏప్రిల్ 3, 1855’ అని కనిపిస్తుంది. అది రోలిన్ వైట్ అనే ఆయన పేటెంటు తేదీ. ఆ తేదీ ఉన్న పిస్తోలు 1870లలో తయారైనదీ కావచ్చు. పెళ్ళి శుభలేఖ మీద తాతగారి పేరు చూసి పెళ్ళికొడుకు వయసు లెక్కకట్టినట్లుంటుంది ఆ పద్ధతి.

ఇప్పుడు వస్తువును చేతిలోకి తీసుకుని చూడడం గురించి. ఏ పాత పిస్తోలు చేతికి వచ్చినా మొదట చేయవలసింది అది ఖాళీగా ఉందో లేదో నిర్ధారించుకోవడం. నూట యాభై ఏళ్ళ నాటి పెర్కషన్ పిస్తోళ్ళలో మందూ గుండూ అలాగే ఉండిపోయిన సందర్భాలు ఉన్నాయి. సన్నని కర్రపుల్లను మూతి లోపలికి మెల్లగా దించి, ఎంత దూరం దిగిందో గుర్తుపెట్టుకుని, అదే పుల్లను బ్యారెల్ బయట ఆనించి చూస్తే లోపల ఏదైనా అడ్డం ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. ఆ పుల్ల పెడుతున్నప్పుడు కూడా మూతి ఎవరివైపూ ఉండకూడదు, వేళ్ళు దాని ముందుకు రాకూడదు. అడ్డం ఉన్నట్లు అనిపిస్తే సొంత ప్రయోగాలు చేయకుండా తుపాకుల పనివాడికి అప్పగించండి.

రెమింగ్టన్ డబుల్ డెరింజర్‌కు ఉన్న పెద్ద బలహీనత దాని కీలు. కుడివైపున్న చిన్న మీటను తిప్పితే రెండు బ్యారెళ్ళూ కలిసి పైకి లేస్తాయి. ఆ బరువంతా ఫ్రేము పైభాగాన ఉన్న రెండు సన్నని చెవుల మీద, వాటి మధ్య దూర్చిన ఒక్క మేకు మీద ఆధారపడి ఉంటుంది. దశాబ్దాల వాడకంలో ఆ చెవులకు పగుళ్ళు రావడం ఎంత మామూలంటే, పగులు లేనిది దొరికితే సేకర్తలు ప్రత్యేకంగా చెప్పుకుంటారు. ఇరవై ఏళ్ళ కిందట నేను కొన్న మొదటి పిస్తోలు ఇదే రకం, ‘అండ్ సన్స్’ గుర్తు ఉన్నది, మీరు చూసినట్లే నికెల్ పూతతో ధగధగలాడేది. ఆ మెరుపు చూసి అడిగినంతా బేరమాడకుండా ఇచ్చేశాను. ఏడాది తర్వాత ఒక వృద్ధ సేకర్తకు గర్వంగా చూపిస్తే, ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, జేబులోంచి భూతద్దం తీసి, ఏమీ అనకుండా కీలు దగ్గర వేలు పెట్టి చూపించాడు. ఎడమ చెవి కుడి చెవికన్నా కొంచెం లావుగా ఉంది. విరిగినదాన్ని వెల్డింగు చేసి, ఆకురాయితో రుద్ది, ఆ మచ్చ కనపడకుండా మొత్తం పిస్తోలుకు కొత్తగా నికెల్ వేయించారు. తర్వాత నేనే చూసుకుంటే బ్యారెల్ మీది అక్షరాల అంచులు కూడా మొద్దుబారి, లోతు తగ్గి ఉన్నాయి. పూతకు ముందు పాలిష్ చక్రం మీద పెట్టి బాగా అరగదీశారన్నమాట. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కొత్తగా వచ్చేవాళ్ళకు పక్కన పెట్టి చూపించడానికి పనికొస్తోంది.

అందుకే మెరుపును చూసి మోసపోవద్దని చెబుతాను. అసలు పూత అరిగిపోయి, అంచులలో గోధుమ రంగు తిరిగి, అక్కడక్కడా నికెల్ పొరలు లేచిన పిస్తోలు, కొత్త పూత వేసినదానికన్నా చాలా ఎక్కువ విలువ చేస్తుంది. తిరిగి పూత వేసిన పిస్తోలును పట్టించే ఆనవాళ్ళు కొన్ని ఉన్నాయి. మర మేకుల రంధ్రాల అంచులు పదునుగా ఉండక గిన్నెలా లోపలికి వాలి ఉంటాయి. పూత కింద తుప్పు గుంటలు కనిపిస్తాయి. నికెల్ అనేది గుంట పైన మెరుస్తోందంటే, గుంట ముందు పడింది, నికెల్ తర్వాత వచ్చింది అని అర్థం. స్మిత్ అండ్ వెస్సన్ వారి నికెల్ రివాల్వర్ల హ్యామర్‌ను (తూటాను పేల్చడానికి కొట్టే సుత్తిని) మాత్రం రంగురంగుల చారలు వచ్చేలా కాల్చి గట్టిపరచి వదిలేసేవారు. హ్యామర్ కూడా వెండిలా మెరుస్తుంటే దాదాపు ఎప్పుడూ ఎవరో తర్వాత వేయించిన పూతే.

కొన్న తర్వాత శుభ్రం చేయడం విషయంలో మనవాళ్ళకు ఒక ప్రత్యేకమైన హెచ్చరిక చేయాలి. పండక్కి ఇత్తడి చెంబులు చింతపండు పెట్టి తళతళలాడేలా తోమే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. ఈ పిస్తోళ్ళలో చాలావాటి ఫ్రేములు ఇత్తడివే. చేయి ఊరుకోదు. దయచేసి తోమవద్దు. ఆ ముదురు తేనె రంగు రావడానికి నూట యాభై ఏళ్ళు పట్టింది, పోవడానికి పది నిమిషాలు చాలు, దానితో పాటే ధరలో సగం పోతుంది. మెత్తని నూలుగుడ్డకు రెండు చుక్కల తుపాకీ నూనె అద్ది తుడవడం, ఆపైన పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాయడం, వట్టి చేతులతో కాకుండా నూలు తొడుగులతో పట్టుకోవడం చాలు. పాత తోలు సంచిలో పెట్టి దాచడం అందంగా కనిపిస్తుంది గాని, తోలు తేమను పట్టి ఉంచుతుంది, దానిలోని ఆమ్లాలు లోహాన్ని తింటాయి. సంచిని వేరుగా, పిస్తోలును వేరుగా ఉంచండి. ఖాళీ పిస్తోలును సరదాకు టకటకలాడించడం కూడా మానాలి. రిమ్‌ఫైర్ రకాలలో, అంటే తూటా అడుగు అంచు మీద కొడితే పేలేవాటిలో, పిన్ను నేరుగా తూటా కూర్చునే గది (ఛాంబర్) అంచుకు కొట్టుకుని అక్కడ నొక్కు పడుతుంది.

పేల్చి చూడాలనే కోరిక అసలు పెట్టుకోవద్దు. రెమింగ్టన్ డబుల్ డెరింజర్ వాడిన .41 రిమ్‌ఫైర్ తూటా 130 గ్రెయిన్ల (సుమారు 8.4 గ్రాముల) సీసపు గుండును సెకనుకు సుమారు 425 అడుగుల వేగంతో మాత్రమే పంపేది. పేకాట బల్లకు ఎదురెదురుగా కూర్చున్న దూరానికి తప్ప దేనికీ పనికిరాని శక్తి అది. అంత బలహీనమైన తూటాకు కూడా ఆ పాత ఇనుమును ఇప్పుడు నమ్మలేము.

ఇక సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి అన్న ప్రశ్న. చాలామంది హెన్రీ డెరింజర్ చేసిన అసలు పిస్తోలునే కొనాలనుకుంటారు. మొదటి వస్తువుగా నేను దాన్ని సిఫార్సు చేయను, ఎందుకంటే నకిలీల చరిత్ర ఆయన బతికున్న రోజులలోనే మొదలైంది. ఆయన దగ్గర పనిచేసి బయటికి వచ్చినవాళ్ళు స్లాటర్ అండ్ కంపెనీ పేరుతో అచ్చు అలాంటివే చేసి, ఆయన ముద్రనే కొట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారికి పంపారు. ప్లేట్ అనే ఆ వ్యాపారి మీద డెరింజర్ వేసిన వ్యాజ్యంలో 1865లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు డెరింజర్ పక్షాన తీర్పిచ్చింది. అమెరికా ట్రేడ్‌మార్క్ చట్టంలో ఆ కేసును ఇప్పటికీ ఉదహరిస్తారు. అదే పనివాళ్ళు జాన్ డెరింజర్ అనే ఒక దర్జీ పేరు వాడుకుని ‘జె. డెరింజర్’ అని ముద్ర వేసిన పిస్తోళ్ళు కూడా ఉన్నాయి. ఆ నాటి నకిలీలకు ఇప్పుడు సొంతంగానే సేకరణ విలువ ఉందనుకోండి, అది వేరే సరదా. కాని ఇరవయ్యో శతాబ్దంలో ఇటలీలో తయారైన ప్రతిరూపాల మీది ప్రూఫ్ గుర్తులను (పరీక్షలో నెగ్గిందని కొట్టే ముద్రలను) అరగదీసేసి, తుప్పు పట్టించి అమ్మేవాటిని గుర్తుపట్టడానికి, అసలువి పదిసార్లైనా చేత్తో పట్టుకుని చూసిన అనుభవం కావాలి.

నా సలహా స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ నంబర్ వన్. 1857 నుంచి 1882 దాకా మూడు దశలలో, మొత్తం రెండున్నర లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి అందుబాటులో ఉంటాయి. అన్నీ 1898కి ముందువే కాబట్టి ఫెడరల్ చట్టంలోని తేదీ చిక్కు ఉండదు. ఏడు తూటాల .22 రివాల్వర్ ఇది. బ్యారెల్ పైకి మడుస్తుంది, తూటాలు పెట్టే సిలిండర్ చేతిలోకి వస్తుంది. అంతర్యుద్ధంలో ఎందరో సైనికులు సొంత డబ్బుతో కొని వెంట తీసుకెళ్ళారు. మొదటి దశవి సుమారు 11,670 మాత్రమే కనుక ఖరీదెక్కువ. వాటి ఫ్రేము పక్కలు గుండ్రంగా, పక్కన చిన్న వృత్తాకారపు పలక ఉంటుంది. రెండో దశలో పక్కలు చదునయ్యాయి. ఈ రెంటికీ బ్యారెల్ ఎనిమిది పలకలది, సిలిండర్ నున్నటిది. 1868లో మొదలైన మూడో దశలో ఫ్రేము ఇనుముది, బ్యారెల్ గుండ్రనిది, సిలిండర్‌కు గాళ్ళు ఉంటాయి, పిడి పక్షి తలలా వంపు తిరిగి ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మూడో దశకు నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. ‘సీరియల్ నంబరు 900, అంటే మొదటి ఏడాదిది’ అని ఎవరైనా అంటే, నంబరు కాకుండా సిలిండర్ చూడండి. గాళ్ళుంటే ఆ మాట అక్కడితో సరి.

ఈ పిస్తోలు చుట్టూ ఒక మంచి ఉప సేకరణ కూడా ఉంది. సిలిండర్‌కు ఆరపార రంధ్రం వేసి వెనక నుంచి తూటా పెట్టే ఏర్పాటు రోలిన్ వైట్ పేటెంటు. స్మిత్, వెస్సన్ ఇద్దరూ రివాల్వర్‌కు 25 సెంట్ల చొప్పున ఆయనకు ఇస్తూ, పేటెంటును కోర్టులో కాపాడుకునే ఖర్చు మాత్రం ఆయన మీదే పెట్టారు. ఆ కేసులతో ఆయన సంపాదన కరిగిపోయింది. 1869లో గడువు ముగిశాక పొడిగింపు కోసం కాంగ్రెస్ దాకా వెళ్ళి బిల్లు నెగ్గించుకుంటే, అధ్యక్షుడు గ్రాంట్ దాన్ని వీటో చేశాడు. 1869కి ముందు మిగతా తయారీదారులలో చాలామంది ఈ పేటెంటును తప్పించుకోవడానికి చిత్రవిచిత్రమైన దారులు తొక్కారు. బ్రూక్లిన్‌లో మూర్ కంపెనీ చేసిన రివాల్వర్‌లో తూటా ముందు నుంచి ఎక్కుతుంది, దాని వెనక చిన్న మొటిమలాంటి కొన సిలిండర్ వెనక ఉన్న సన్నని రంధ్రంలోంచి తొంగిచూస్తుంది. హ్యామర్ ఆ మొటిమ మీద కొడుతుంది. తప్పించుకోలేక కోర్టులో ఓడినవాళ్ళు ‘స్మిత్ అండ్ వెస్సన్ కోసం తయారుచేసినది’ అని తమ రివాల్వర్ల మీదే ముద్ర వేయవలసి వచ్చింది. ఇలాంటివి నాలుగైదు పక్కపక్కన పెట్టుకుంటే, ఒక పేటెంటు కథ మొత్తం బల్ల మీద కనిపిస్తుంది. ఇవి కోల్ట్ కంపెనీ రివాల్వర్లంత ఖరీదూ ఉండవు.

నా సొంత ఇష్టం మాత్రం షార్ప్స్ నాలుగు బ్యారెళ్ళ పిస్తోలు. ఫిలడెల్ఫియాలో క్రిస్టియన్ షార్ప్స్ 1859 పేటెంటుతో చేసినది. మీట నొక్కితే నాలుగు బ్యారెళ్ళ దిమ్మ ముందుకు జారుతుంది. హ్యామర్ ఎక్కుపెట్టిన ప్రతిసారీ దాని ముఖాన ఉన్న పిన్ను పావు చుట్టు తిరిగి తరువాతి బ్యారెల్ ఎదురుగా నిలుస్తుంది. గడియారం పనివాడు చేసినట్లుంటుంది. కోల్ట్ 1849 పాకెట్ మోడల్ జోలికి ఇప్పుడే వెళ్ళవద్దు. మూడు లక్షలకు పైగా తయారైనా, దాని విలువంతా బ్యారెల్, ఫ్రేము, ట్రిగ్గర్ గార్డు, సిలిండర్, చివరికి బ్యారెల్‌ను పట్టి ఉంచే చీలతో సహా అన్నిటి మీదా ఒకే నంబరు ఉండడంలో ఉంది. సిలిండర్ మీద చెక్కిన బండి దోపిడీ దృశ్యం ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి కూడా ధర మారుతుంది. ఇవి చదవడం కొంత కాలం చూస్తేనే వస్తుంది.

ఆ చూపు కోసం బాల్టిమోర్ దగ్గర టిమోనియంలో జరిగే పాత ఆయుధాల ప్రదర్శనకు వెళ్ళండి, మొదటిసారి డబ్బు ఇంట్లో పెట్టి వెళ్ళండి. వయోమింగ్ వైపు వెళితే కోడి అనే ఊళ్ళోని తుపాకుల మ్యూజియం చూడండి. ఏది కొన్నా అన్ని వైపులా ఫొటోలు తీసి, ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నదీ రాసి పెట్టుకోండి. బూత్ పిస్తోలును ఎవరో మార్చేసి నకిలీ పెట్టారన్న అనుమానం వచ్చినప్పుడు, 1997లో ఎఫ్‌బీఐ ప్రయోగశాల దాన్ని 1930ల నాటి ఫొటోలతో పోల్చి, పిడి కర్రలోని సుడులనూ మూతి దగ్గరి పగులునూ బట్టి అసలుదే అని తేల్చింది.

మీరు చివరలో అడిగిన మాట, ఒకటి గుంటూరు తీసుకెళ్ళి నాన్నగారికి ఇవ్వవచ్చా అన్నది. కుదరదు. మన ఆయుధాల చట్టం, 1959లోని 45వ సెక్షన్ పురాతన వస్తువులకు ఇచ్చిన మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకపోయినా ఆయుధంగా పనికిరానివాటికే. ఇక్కడి 1898 గీత అక్కడ లెక్కలోకి రాదు. సూట్‌కేసులో అలాంటిది కనిపిస్తే హైదరాబాద్ విమానాశ్రయంలో దాని చరిత్ర ఎవరూ వినిపించుకోరు. నాన్నగారికి మంచి ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి తీసుకెళ్ళండి.

మరో పిస్తోలు ఏదైనా కంటపడితే, కొనకముందు బ్యారెల్ పైభాగం, కీలుకు రెండు వైపులా దగ్గరి నుంచి, మర మేకుల తలలు, మూతి, ఇవి పగటి వెలుగులో ఫ్లాష్ లేకుండా తీసి పంపండి, చూసి చెబుతాను.